పర్యవేక్షణ ఎవరిమీద?

1975 అక్టోబరు 2న మొదలైన ఐ.సి.డి.ఎస్.లో ఆరు సేవలున్నాయి. అందులో మూడు - టీకాలు, ఆరోగ్య పరీక్షలు, పెద్దాసుపత్రికి పంపడం - వైద్య ఆరోగ్య శాఖతో కలిసి నడవాల్సినవి. కేంద్రాన్ని నడిపేది మాత్రం మహిళా శిశు సంక్షేమ శాఖ. బిడ్డకు వైద్యం అందకపోతే ఏ శాఖ జవాబు చెప్పాలి?

2021లో వచ్చిన పోషణ్ ట్రాకర్‌లో అంగన్‌వాడీ కార్యకర్త పిల్లల బరువు, ఎత్తు, హాజరు ఎక్కించాలి. ఆలస్యమైతే పైవాళ్లకు వెంటనే తెలుస్తుంది. గ్రోత్ చార్టులో బాగా కిందికి జారిన బిడ్డను ఆసుపత్రికి పంపితే అక్కడ డాక్టరు ఉన్నాడా, తల్లి కూలి పోగొట్టుకుని ఎన్నిసార్లు తిరిగింది? ఆ ఫోను ఈ ప్రశ్నలు అడగదు. నేను చూసినంతలో పర్యవేక్షణంటే కింద ఉన్న ఆడమనిషిని లెక్కలడగడమే.

ఆమెకిచ్చేది జీతం కాదు, 'గౌరవ వేతనం'. (గౌరవం సంగతి అడక్కండి.) గ్రాట్యుటీ ఆమె హక్కని 2022లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. 2023 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో అంగన్‌వాడీలు సమ్మెకు దిగితే 2024 జనవరిలో ఎస్మా ప్రయోగించారు. అది అత్యవసర సేవ అని అప్పుడు గుర్తొచ్చింది!

మన సంఘాలు అంగన్‌వాడీ రిజిస్టరు అడుగుతున్నాయి, మంచిదే. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాన్నీ అడగాలి: ఈ ఊరినుంచి పంపిన పిల్లలెందరు, వైద్యం అందినవాళ్లెందరు?