ఏజెన్సీ పిల్లలు ప్రయోగాలకు దూరంగా వుంటేనే క్షేమమా?

మందుల ప్రయోగాలు అనగానే మన స్త్రీల సంఘాల వాళ్ళకి వొళ్ళు మండుతుంది. మండటానికి కారణం వుంది. 1985లో పటాన్‌చెరులో నెట్-ఎన్ గర్భనిరోధక ఇంజక్షన్‌ను ఆడవాళ్ళ మీద ప్రయోగిస్తున్న తీరును స్త్రీశక్తి సంఘటన నిలదీసింది. మరుసటి ఏడాది ఇతర సంఘాలతో కలిసి సుప్రీంకోర్టుకి వెళ్ళింది. 2009లో అప్పటి ఖమ్మం జిల్లా భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10-14 ఏళ్ళ ఆడపిల్లలు సుమారు 14 వేల మందికి గర్భాశయ ముఖద్వార కేన్సర్ టీకా వేశారు. దానికి ప్రయోగం అని కాక ‘ప్రదర్శన ప్రాజెక్టు’ అని పేరు పెట్టారు. కొందరు పిల్లలు చనిపోయారు, గొడవ జరిగింది, 2010 ఏప్రిల్‌లో కేంద్రం దాన్ని ఆపేసింది. ఆ చావులకి టీకా కారణమని విచారణలో తేలలేదు. కానీ సమ్మతి తీసుకున్న పద్ధతి మాత్రం బయటపడింది. 9,543 పత్రాల్లో 1,948 మీద వేలిముద్రలే వున్నాయని, 2,763 పత్రాల మీద హాస్టల్ వార్డెన్లు సంతకాలు చేశారని 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం రాసింది. కన్నతల్లికి చెప్పకుండా పిల్ల చెయ్యి పట్టుకుని సూది గుచ్చే హక్కు వార్డెన్‌కి ఎవరిచ్చారు?

ఆ కోపం నాకు ఇప్పటికీ తగ్గలేదు. అయినా ఈ వ్యాసం మరో మాట చెప్పడానికి రాస్తున్నాను.

కొన్నేళ్ళ కిందట ఏజెన్సీలో జరిగిన ఒక సమావేశంలో ఒక కోయ తల్లి నన్ను పక్కకి పిలిచింది. ఆమె కొడుక్కి సికిల్ సెల్ జబ్బు. పిల్లవాడికి హైడ్రాక్సీయూరియా రాసిచ్చారు. ఆమెకి దొరికింది పెద్దవాళ్ళ 500 మిల్లీగ్రాముల గొట్టం మాత్ర. దాన్ని విప్పి, గ్లాసు నీళ్ళలో కలిపి, కొంత తాగించి మిగతాది పారబోస్తోంది. “సగం ఇయ్యమన్నరక్కా. సగమంటే పొడి సగమా, నీళ్ళు సగమా?” అని అడిగింది. అడుగున పేరుకుపోయిన పొడి సంగతి ఆమెకి తెలుసు. నేను సమాధానం చెప్పలేకపోయాను.

పిల్లలంటే చిన్న సైజు పెద్దవాళ్ళు కారు. వాళ్ళ కాలేయం, మూత్రపిండాలు మందుని వేరే తీరుగా వాడుకుంటాయి. మోతాదు బరువుని బట్టి మారుతుంది, రక్త పరీక్షలు చేస్తూ సరిచూసుకోవాలి. హైడ్రాక్సీయూరియా పనిచేస్తుందని పెద్దవాళ్ళ మీద అమెరికాలో 1995లో తేలింది. పసిపిల్లల సంగతి తేలడానికి 2011 దాకా పట్టింది, అదీ అమెరికాలోనే. మరి మలేరియా, పోషకాహార లోపం వున్నచోట పిల్లలకి ఇస్తే ఏమవుతుంది? రోగనిరోధక శక్తి తగ్గి మలేరియా పెరుగుతుందేమోనని డాక్టర్లే భయపడ్డారు. అంగోలా, కాంగో, కెన్యా, ఉగాండాలలో 1 నుంచి 10 ఏళ్ళ పిల్లలు 606 మందికి ఇచ్చి చూసిన ప్రయోగం ఫలితాలు 2019లో అచ్చయ్యాయి. ఎవరికీ ఉత్తుత్తి బిళ్ళలు ఇవ్వలేదు, అందరికీ అసలు మందే. నొప్పులు తగ్గాయి, రక్తం ఎక్కించే అవసరం తగ్గింది, చావులు తగ్గాయి, మలేరియా కూడా తగ్గింది. బీద దేశాల పిల్లలు ఆ ప్రయోగంలో లేకపోతే ఆ భయమే మిగిలేది, మందు అల్మారాలోనే వుండేది.

“ఇంత జరిగాక మళ్ళీ మన పిల్లల్నే పంపమంటావా?” అని ఒక మిత్రురాలు నా మీద కోప్పడింది. ఆమె కోపం న్యాయమైనదే. వైద్యం దొరకని చోట ఉచిత వైద్యం ఎర అవుతుంది. ఆ తల్లి వద్దు అనగలిగినప్పుడే ఆమె సరే అన్నదానికి విలువ. వద్దన్నా పిహెచ్‌సిలో మామూలు వైద్యం, మామూలు మందు అందాలి. ముందు అది లేకుండా ప్రయోగం ఏజెన్సీకి వస్తే నేనే అడ్డం పడుకుంటాను.

కానీ ఇప్పుడు జరుగుతున్నదేమిటి? పరిశోధనలు ఎక్కువగా నగరాల్లోని పెద్దాసుపత్రుల చుట్టూ తిరుగుతాయి. భద్రాచలం నుంచి హైదరాబాదు 300 కిలోమీటర్ల పైనే. నెలనెలా రక్త పరీక్షకి పిల్లవాణ్ణి ఎత్తుకుని వెళ్ళే తల్లి రెండు రోజుల కూలి ఎవరు లెక్క కడుతున్నారు? దేశంలో జరిగే ప్రయోగాల పట్టిక కంప్యూటర్‌లో అందరూ చూడొచ్చంటారు, అది ఇంగ్లీషులో వుంది. 2009లో తమ పిల్లల్ని దేంట్లో చేర్చారో ఆ తల్లులకి తెలియదు. ఇవాళ తమ పిల్లలు దేనికి దూరంగా వున్నారో ఈ తల్లులకీ తెలియదు.

చట్టంలో కొన్ని పట్లు దొరుకుతాయి. 2019 నిబంధనల ప్రకారం నైతిక సంఘంలో ఒక స్త్రీ, వైద్యంతో సంబంధం లేని ఒక సాధారణ వ్యక్తి వుండి తీరాలి. ఏడేళ్ళు దాటిన పిల్లల ఒప్పుదల కూడా అడగాలని భారత వైద్య పరిశోధన మండలి 2017లో చెప్పింది. ఒక పెద్ద చిల్లు కూడా వుంది. సమ్మతి తీసుకోవడాన్ని ఆడియో-వీడియో రికార్డు చెయ్యాలని 2013లో వచ్చిన నియమాన్ని 2015లో కొత్త మందులకి, బలహీన స్థితిలో వున్నవాళ్ళకి మాత్రమే కుదించారు. హైడ్రాక్సీయూరియా లాంటి పాత మందుని పిల్లల మీద పరీక్షిస్తే ఆ రికార్డు తప్పనిసరి కాదన్నమాట. పిల్లల మీద ప్రయోగం ఏదయినా సరే రికార్డు చెయ్యాలని మనం పట్టుబట్టాలి. తల్లి కూలి, దారిఖర్చు ప్రయోగం బడ్జెట్‌లోనే రాయించాలి. ప్రయోగం ముగిసిన మర్నాడు మందు ఆగిపోతే ఆ పిల్లవాడి గతేమిటన్నది మొదటి సంతకానికి ముందే కాగితం మీద వుండాలి.

ఇక ఆ సాధారణ వ్యక్తి కుర్చీ. నాకు తెలిసిన ఒక ఆసుపత్రిలో అందులో రిటైరయిన పెద్దమనిషి కూర్చుని, ముందుంచిన చోటల్లా సంతకం పెడుతుంటాడు. సమ్మతి పత్రాన్ని కోయ మాటల్లో చదివి వినిపించగల వాళ్ళు, అర్థం కాకపోతే “ఆగండి” అనగల ఆడవాళ్ళు మన ఏజెన్సీ సంఘాల్లో వున్నారు. వాళ్ళ పేర్లు రాసి పంపండి, ఆసుపత్రులకి పంపే మొదటి జాబితా కలిసి తయారుచేద్దాం.