పెత్తనమా? పరిచర్యయా?

వేసవి సెలవులు ముగిసి జూన్ మాసమున పాఠశాలలు తెఱచిన కొలదిదినములకే మన ఉన్నతపాఠశాలలలో ఒక చిన్న వేడుక జరుగుచుండును. కొందఱు బాలబాలికల ఱొమ్ములపై బిళ్లలు మెఱయును. ఒకరు తరగతి లీడరు, ఒకరు మానిటరు, ఇంకొకరు హౌస్ కెప్టెను. ప్రధానోపాధ్యాయుడు క్రమశిక్షణను గుఱించి ప్రసంగించును. తల్లిదండ్రులు ఛాయాచిత్రములు తీసికొందురు. ఇది పిల్లల ఆటయే కదా యని పెద్దలు దీనిని అంతటితో మఱతురు. మే మట్లు తలంపజాలము. తోడివారిపై అధికారమనునది ఎట్టిదో పదునాలుగేండ్ల ప్రాయమున మొదట చవిచూపునది ఆ బిళ్లయే. ఆ రుచి యెట్టిదను విషయము ఆ బాలునికి మాత్రమే గాక, రేపు అతడు కూర్చుండబోవు కచేరికిని, అతని యెదుట నిలువబోవు ప్రజకును సంబంధించినది.

మానిటరు చేయు పని యేమి? అనేక పాఠశాలలలో ఉపాధ్యాయుడు గదిలో లేని సమయమున మాటలాడినవారి పేర్లు నల్లబల్లపై వ్రాయుట. గంట కొట్టిన పిమ్మట వసారాలో కనబడినవారిని నిలదీయుట. ఆలసించి వచ్చినవారిని గుమ్మమువద్ద ఆపుట. చూచుటకు ఇవి నిరపాయములే. కాని ఆ నల్లబల్లను ఒక్క వారము పరిశీలించి చూడుడు. చెలికాని పేరు దానిపై ఎక్కదు, ఎక్కినను చెఱపబడును. గిట్టనివాని పేరు అతడు నోరు తెఱవకమునుపే కనబడును. ఒక పెన్సిలు, ఒక చాక్లెట్టు, చూచి వ్రాసికొనుటకు ఇచ్చిన ఒక నోటుపుస్తకము, వీనితో పేరు చెఱపించుకొనవచ్చునని ఆఱవతరగతి పసివాడు సైతము గ్రహించును. పెద్దలము మనము లంచగొండితనమును నిందించుచు సభలు చేయుచున్నాము. దాని ఓనమాలు ఎచ్చట దిద్దబడుచున్నవో విచారింపము.

ఈ పద్ధతి పుట్టుపూర్వోత్తరములు అరసినచో ఒక చిత్రమైన సంగతి తెలియును. పెద్దపిల్లలు చిన్నపిల్లలకు చదువులో తోడగుట మన వీథిబడులకు క్రొత్త కాదు. 1822లో మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో దేశీయవిద్యను గుఱించి విచారణకు ఉత్తరువు చేయగా, ఆ రాజధానిలో 12,498 బడులును, 1,88,650 మంది విద్యార్థులును లెక్కకు వచ్చిరి. తెలుగు వ్యాకరణమును ఆంగ్లమున రచించిన ఏ. డి. క్యాంబెల్ అపుడు బళ్లారి కలెక్టరు. ముందు నేర్చినవారు వెనుక వచ్చినవారికి నేర్పుచు తమ చదువును స్థిరపఱచుకొను ఈ పద్ధతిని అతడు 1823నాటి తన నివేదికలో మెచ్చుకొని, ఇంగ్లండు దీనిని అనుకరించుట తగియున్నదని వ్రాసెను. ఆ అనుకరణకు మూలపురుషుడు ఆండ్రూ బెల్. 1789లో మద్రాసు ఎగ్మూరునందలి సైనిక అనాథబాలుర శరణాలయమునకు పర్యవేక్షకుడైన ఇతడు, ఈ దేశపు బాలురు ఇసుకలో అక్షరములు దిద్దుట చూచి, తన శాలలోను పెద్దబాలురచేత చిన్నవారికి చదువు చెప్పించెను. 1797లో లండనులో ఆ ప్రయోగమును ప్రకటించెను. దానికి ‘మద్రాసు పద్ధతి’ యని పేరు వచ్చెను.

కడలి దాటిన పిమ్మట ఆ పద్ధతి స్వభావము మారెను. లండనునందలి సౌత్‌వర్కులో 1798లో బడి పెట్టిన జోసెఫ్ లాంకాస్టరు కాలక్రమమున ఒక్క గురువుతో వందలకొలది పిల్లలను మానిటర్లద్వారా నడపెను. ఒకవంక బిళ్లలు, బహుమానములు. వేఱొకవంక మెడకు కొయ్యదుంగ కట్టుట, తట్టలో కూర్చుండబెట్టి పైకి వ్రేలాడదీయుట మొదలగు శిక్షలు. 1828లో రగ్బీ పాఠశాలకు అధిపతియైన థామస్ ఆర్నాల్డు, పైతరగతివారు క్రిందివారిని దండించు అధికారమును నిలిపియే యుంచెను. ఆ పాఠశాలలో చదివిన థామస్ హ్యూస్ 1857లో ప్రకటించిన నవలలో పెద్దబాలుడొకడు చిన్నవానిని పొయ్యిసెగకు పట్టి హింసించిన ఘట్టము కలదు. మన వీథిబడి స్వర్గమని మేము చెప్పుట లేదు. అందును బెత్తము కలదు, కోదండము కలదు. అనేక కులములవారికిని, బాలికలకును దాని గుమ్మము మూయబడియే యుండెను. కాని అచ్చట పెద్దపిల్లవాడు చిన్నవానికి ఇచ్చినది అక్షరము. అక్షరము పోయి అధికారము మాత్రము మిగిలినదే నేటి మానిటరుతనము.

అట్లయిన క్రమమును కాపాడుటయే తప్పా? కాదు. 1923 డిసెంబరులో కాకినాడలో కాంగ్రెసు మహాసభ జరిగినపుడు, ఖద్దరు ప్రదర్శనశాల గుమ్మమువద్ద టిక్కెట్లు చూచు పని పదునాలుగేండ్ల బాలిక కొకతెకు ఒప్పగింపబడెను. టిక్కెట్టు లేక వచ్చిన జవాహరులాల్ నెహ్రూను ఆమె లోనికి పోనీయలేదు. నిర్వాహకులు కోపించిరి, తనకు చెప్పబడిన నియమమిదియని పలికి ఆమె కదలకుండెను. టిక్కెట్టు కొన్న పిదపనే ఆయన లోనికేగెను. ఆ బాలికయే తరువాత ఆంధ్ర మహిళాసభను స్థాపించి, రాజ్యాంగ నిర్మాణసభలో సభ్యురాలైన దుర్గాబాయి. ఆమె చేతిలో బెత్తము లేదు. ఎవ్వరిని దండించు హక్కును ఆమె కోరలేదు. నియమమును బలహీనునిపై గాక, ఆ సభలో మిక్కిలి ప్రసిద్ధులలో నొకరిపై ప్రయోగించెను. మన మానిటర్లు నియమమును ఎవరిపై ప్రయోగించుచున్నారో ప్రతి ప్రధానోపాధ్యాయుడును తన్ను తాను ప్రశ్నించుకొనుగాక!

స్వతంత్రభారతము సేవామార్గమునకు బాట వేయకపోలేదు. గాంధీ శతజయంతి సంవత్సరమైన 1969లో సెప్టెంబరు 24వ తేదీన 37 విశ్వవిద్యాలయములలో జాతీయ సేవాపథకము ఆరంభమయ్యెను. అందు చేరిన విద్యార్థి రెండేండ్లలో 240 గంటలు సమాజసేవ చేయవలయును. శాసనములును మౌనము వహింపలేదు. 1997లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ ర్యాగింగును నిషేధించెను. 2009నాటి విద్యాహక్కు చట్టము 17వ విభాగము బాలలను శారీరకముగా దండించుటను, మానసికముగా వేధించుటను నిషేధించుచున్నది. ఉపాధ్యాయునకే లేని అధికారమును అతడు ఒక బాలుని చేతికి ఎట్లు ఇయ్యగలడు? గుంజిళ్లు తీయించుటయు, గోడకుర్చీ వేయించుటయు మానిటరు నోట వెలువడినను, దాని బాధ్యత పెద్దలదే.

పిల్లలు వందలకొలదిగా నున్నచోట భయము లేనిదే క్రమము నిలుచునా యని కొందఱు ఆక్షేపింతురు. వారి కష్టము మే మెఱుగనిది కాదు. కాని ఉపాధ్యాయుడు లేని గదిని మానిటరుచేత కాపాడించుట రోగమును కప్పిపుచ్చుటయే. ఖాళీగానున్న ఉపాధ్యాయపదవులను నింపుట ప్రభుత్వముల విధి; ఆ విధిని తొమ్మిదవతరగతి బాలుని భుజములపై మోపుట న్యాయము కాదు. భయముచే కలిగిన నిశ్శబ్దము మానిటరు వసారా మలుపు తిరిగినంతవఱకే నిలుచును.

కావున మేము కోరునది బిళ్లలను తీసివేయుమని కాదు. వాని అర్థమును మార్చుమని. మార్కులు మిక్కిలిగా వచ్చినవారికే, పలుకుబడిగలవారి పిల్లలకే గాక, తరగతిలోని ప్రతివారికిని వంతువరుసను ఆ పని రావలయును. నేడు ఆజ్ఞాపించినవాడు రేపు ఆజ్ఞకు లోబడునేని అతని నోట మాట మెత్తబడును. పేర్లు వ్రాయు పని పూర్తిగా మానిపింపవలయును; అపాయము కలిగినపుడు పెద్దలకు తెలుపుట మాత్రమే అతని విధి కావలయును. క్రమపాలనతోపాటు పరిచర్యయు తప్పక జోడింపవలయును: మధ్యాహ్నభోజనపు వరుసలో పసివారికి ముందు వడ్డించుట, త్రాగునీటిని కనిపెట్టి యుండుట, పుస్తకశాలను సర్దుట, క్రొత్తగా చేరినవానికి తోడగుట, జబ్బుపడి బడికి రానివానికి పాఠము చేర్చుట, చిన్నపిల్లలను దారి దాటించుట. ఈ పనులలో కులభేదము గాని, లింగభేదము గాని చొరరాదు. ఈల మగపిల్లవానికి, చీపురు ఆడపిల్లకు. బిళ్ల ఒక వాడవానికి, మరుగుదొడ్డి మఱియొక వాడవానికి అను పంపకము ఏ బడిలో జరిగినను, అది బడికే కాదు, రాజ్యాంగమునకే అవమానము. వారమున కొకమాఱు తరగతి యంతయు కూడి, చిన్నవాడును పెద్దవానిని నిర్భయముగా ప్రశ్నింపగల సభ యొకటి ఉండవలయును.

ఇందులకు ధనము అక్కఱలేదు, క్రొత్త శాసనము అక్కఱలేదు. ప్రధానోపాధ్యాయుల సంకల్పము చాలును. తల్లిదండ్రులారా! మీ బిడ్డ బిళ్ల ధరించి ఇంటికి వచ్చిననాడు, నీ క్రింద ఎందఱున్నారని అడుగకుడు. నేడు ఎవరికి తోడైతివని అడుగుడు. బిళ్ల ధరించిన పిల్లవాడు వరుసలో మొదట నిలుచువాడు గాక, బడి విడిచినపుడు గదులు చూచి, కుళాయి కట్టి, కడపట ఇల్లు చేరువాడు కావలయును. అట్టివారికి అధికారమిచ్చుటకు దేశము ఎన్నడును భయపడనక్కఱలేదు.