పెద్ద సినిమాకు జీవో, చిన్న సినిమాకు గేటు బయట!

చింతలపూడి మామిడి రైతుకు పెట్టుబడి పెరిగిందని బంగినపల్లి రేటు పెంచుతూ ఏ సర్కారైనా జీవో ఇచ్చిందా? సినిమాకు ఇచ్చింది. హీరో, దర్శకుల పారితోషికం కాక 100 కోట్లు ఖర్చయితే మొదటి 10 రోజులు టికెట్ పెంచుకోవచ్చని 2022 మార్చిలో దారి చూపింది. 2024 డిసెంబరులో 'పుష్ప 2' ముందురోజు ఆట టికెట్ 800 రూపాయలు, ఆపై జీఎస్టీ!

లాభం వాళ్లది, భారం మనదా? చిన్న సినిమా బతికేది నోటిమాటతో. ఆ మాట ఊళ్లోకి పాకేలోపే తెర లాగేస్తే ఎలా బతుకుతుంది? 2024 సంక్రాంతికి 'హనుమాన్' సైతం హైదరాబాదులో థియేటర్ల కోసం అల్లాడింది. తర్వాత జనమే గెలిపించారు.

ఐదో ఆట కావాలంటే చిన్న సినిమాకు ఒక ఆట ఇవ్వాలన్నది ఆ జీవోలోని షరతే. మేం అడిగేది దయ కాదు, ఆ ఒక్క ఆట!