అరుపు విని దూకకండి!

విద్యార్థులారా! అమెరికన్ ఫుట్‌బాల్ ఆటను మీరెప్పుడైనా టీవీలో చూశారా? మనకు తెలిసిన ఫుట్‌బాల్‌కూ దానికీ పోలిక తక్కువ. కోలగా ఉండే బంతిని చేత్తో పట్టుకుని పరుగెత్తుతారు, విసురుతారు. జట్టుకు పదకొండుమంది చొప్పున ఎదురెదురుగా నిలబడతారు. ఒక జట్టులో క్వార్టర్‌బ్యాక్ అనే ఆటగాడు ఏవో అంకెలు, రంగుల పేర్లు అరిచి, చివర "హట్... హట్!" అంటాడు. అతని ముందు వంగి ఉన్న సెంటర్ అనే ఆటగాడు బంతిని కాళ్ల సందులోంచి వెనక్కు అందిస్తాడు. ఆట మొదలవుతుంది.

ఈ అరుపులకు అర్థమేమిటి? నిఘంటువులో వెతికితే దొరకదు. అర్థం 'హట్' అన్న శబ్దంలో లేదు, జట్టువాళ్లు చేసుకున్న ఒప్పందంలో ఉంది. ముందుగా గుంపుగా చేరి "ఈసారి రెండో హట్‌కు" అనుకుంటారు. అప్పుడు మొదటి హట్ వట్టి శబ్దం, రెండోది ఆజ్ఞ!

దీనివల్ల లాభముంది. బంతి ఏ క్షణాన కదులుతుందో సొంత జట్టుకు ముందే తెలుసు. ఎదుటివాళ్లు మాత్రం బంతి కదిలాకే గీత దాటాలి. కన్ను చూసి, మెదడు గ్రహించి, కండరం కదలడానికి సుమారు సెకనులో అయిదో వంతు పడుతుంది. ఆ ఆటలో అది తక్కువ వ్యవధి కాదు.

మరో ఎత్తు కూడా ఉంది. క్వార్టర్‌బ్యాక్ మొదటి హట్‌నే కావాలని గట్టిగా అరుస్తాడు. అది విని ఎదుటివాడు గీత దాటి దూకాడా, అతని జట్టుకు అయిదు గజాల శిక్ష! ఒప్పందం మరచి సొంత ఆటగాడు ముందే కదిలినా శిక్ష అంతే.

2014 జనవరిలో జరిగిన ఒక పోటీలో డెన్వర్ జట్టు క్వార్టర్‌బ్యాక్ పేటన్ మానింగ్ 'ఒమాహా' అని 44 సార్లు అరిచాడు. ఒమాహా నెబ్రాస్కా రాష్ట్రంలోని ఒక నగరం. ఆ నగరానికీ ఆ ఆటకూ ఏ సంబంధమూ లేదు! ఇక ప్రేక్షకుల హోరులో మాట వినబడనప్పుడు క్వార్టర్‌బ్యాక్ కాలెత్తి సైగ చేస్తాడు. శబ్దం లేకపోయినా అర్థం అందుతుంది.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, జవాబు పత్రాలు దిద్దేటప్పుడు నాకు ఆ దూకే ఆటగాళ్లే కనబడతారు. "ఒక కూలీ బస్తాను నెత్తిన పెట్టుకుని గంటసేపు కదలకుండా నిలబడ్డాడు. బస్తాపై అతడు చేసిన పని ఎంత?" అని అడుగుతాను. 'పని' అన్న మాట కనబడగానే చాలామంది కంఠతా పట్టిన నిర్వచనం రాసేస్తారు. అడిగింది అది కాదు. బస్తా కదలలేదు కనుక పని సున్న. పాపం, కూలీ చెమటోడ్చాడు. కాని భౌతికశాస్త్రంలో 'పని' అంటే బలమూ, ఆ బలం దిశలో జరిగిన స్థానభ్రంశమూ కలిసిన లెక్క. అది శాస్త్రజ్ఞులు చేసుకున్న ఒప్పందం. ఇంట్లో మనం అనే 'పని' వేరు.

తప్పు మీ ఒక్కరిదే అనను. అర్థం చెప్పకుండా నిర్వచనాలు వల్లె వేయించే మా ఉపాధ్యాయులదీ ఉంది. అందుకే మీకు నా మాట ఒకటే. పాఠంలో కొత్త పదం వచ్చినప్పుడు "ఇక్కడ దీని అర్థమేమిటి? ఒక ఉదాహరణ చెప్పండి" అని మమ్మల్ని నిలదీయండి. ప్రశ్నను చివరిదాకా చదవండి. మొదటి 'హట్'కే దూకకండి!