తుక్కు ధర కాదు, చేతికొచ్చే లోహం చూడాలి

తుక్కు అల్యూమినియం వ్యాపారంలో బేరమంతా కిలో ధర చుట్టూనే తిరుగుతున్నది. అర్ధరూపాయి దగ్గర గంటసేపు పట్టుబట్టే ఫౌండ్రీ యజమాని, కొన్న సరుకులో ఎంత భాగం కొలిమిలో గాలిపాలైనదో తూచి చూడడు. అసలు నష్టం అక్కడే ఉన్నది.

అల్మాస్‌గూడ, బడంగ్‌పేట వైపు ఇళ్లు లేచేకొద్దీ కిటికీ చట్రాల కోతముక్కలు తుక్కు కొట్లకు చేరుతుంటాయి. ఇది శుభ్రమైన సరుకు. జాగ్రత్తగా కరిగిస్తే నూటికి ఒకటి రెండు కిలోలకు మించి పోదు. లేత్ మిషన్ల పొట్టు సంగతి వేరు. పలుచనిది, పైగా నూనె పట్టినది. దానిని అలాగే మూసలో గుమ్మరిస్తే నూటికి పది పన్నెండు కిలోలు ఆక్సైడ్‌గా మారడం, తెట్టులో చిక్కుకుపోవడం మామూలే.

పొట్టు కిలో 200 రూపాయల చొప్పున 100 కిలోలు కొన్నామనుకుందాం. 88 కిలోల లోహం వస్తే, ఇంధనం, కూలీ కాక, కిలో 227 రూపాయలు పడినట్లు. 95 కిలోలు వస్తే పడేది 210 చిల్లర. ఈ 17 రూపాయలు ఏ బేరంలోనూ దొరకవు.

అల్మాస్‌గూడకు అట్టే దూరంలో లేని కంచన్‌బాగ్‌లో, 1973లో ఏర్పడిన మిశ్రధాతు నిగమ్ ప్రత్యేక మిశ్రలోహాలను గాలి తీసివేసిన కొలుములలో కరిగిస్తుంది. చిన్న ఫౌండ్రీకి అంత హంగు అక్కరలేదు, గిట్టదు కూడా. పొట్టును నూనె, తేమ లేకుండా ఆరబెట్టి, దిమ్మెలుగా నొక్కి, ముందే కరిగి ఉన్న లోహంలో ముంచితే చాలు. తడి సరుకు పడితే లోహం పేలి చిమ్ముతుంది, ప్రాణాలకే ముప్పు. మంట నేరుగా సరుకుకు తగలరాదు. అల్యూమినియం 660 డిగ్రీల వద్దనే కరుగుతుంది. పోతకు సాధారణంగా 700 నుంచి 750 సరిపోతుంది, 780 దాటితే తెట్టు జోరుగా పెరుగుతుంది. రంగు చూసి వేడి చెప్పగలమనే మేస్త్రీలున్నారు. అల్యూమినియం దగ్గర ఆ విద్య నమ్మరానిది, థర్మోకపుల్ కొనవలసిందే. ఇత్తడి పోసేవారికి మరొక మాట: జింకు 907 డిగ్రీల వద్ద మరుగుతుంది కనుక దానిని చివరన వేయాలి.

తీసిన తెట్టులో సగం దాకా లోహమే ఉండవచ్చు. వేడిమీదనే నొక్కి పిండుకోక, చల్లార్చి కారుచవకగా అమ్ముకోవడం ఏమి వ్యాపారమో తెలియదు.

పొట్టుకు ధర కట్టే పద్ధతీ మారాలి. కొంత నమూనా కరిగించి, వచ్చిన లోహాన్ని బట్టి ధర నిర్ణయించడం న్యాయం. తుక్కు వ్యాపారులు ఇందుకు ఒప్పుకోరని ఫౌండ్రీల వారంటారు. శుభ్రమైన సరుకు తెచ్చినవారికి కిలోకు రెండు రూపాయలు ఎక్కువిచ్చి చూడమనండి.