భిన్న పౌరసత్వ న్యాయపరిధి

అమెరికా సంయుక్త రాష్ట్రాలలో వేర్వేరు రాష్ట్రాల పౌరుల మధ్య తలెత్తే వ్యాజ్యాలను ఫెడరల్ న్యాయస్థానాలు విచారించే అధికారాన్ని భిన్న పౌరసత్వ న్యాయపరిధి (డైవర్సిటీ జ్యూరిస్‌డిక్షన్) అంటారు. 1789 నాటి న్యాయవ్యవస్థ చట్టంతో ఇది అమలులోకి వచ్చింది. దావా విలువ 75,000 డాలర్లకు మించాలి. వాదులలో ఏ ఒక్కరూ ప్రతివాదులలో ఎవరితోనూ ఒకే రాష్ట్ర పౌరులై ఉండరాదు.

కంపెనీల పౌరసత్వం

కార్పొరేషన్‌ను అది నమోదైన రాష్ట్రానికి, ప్రధాన కార్యస్థానం గల రాష్ట్రానికి పౌరునిగా పరిగణిస్తారు. ఉన్నతాధికారులు సంస్థను నడిపించే చోటే ప్రధాన కార్యస్థానమని 2010లో హెర్ట్జ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. పరిమిత బాధ్యత కంపెనీకి (ఎల్.ఎల్.సి.) మాత్రం దాని సభ్యులందరి పౌరసత్వమూ వర్తిస్తుంది. ఆ సభ్యులలో మరొక ఎల్.ఎల్.సి. ఉంటే దాని సభ్యులనూ లెక్కించాలి. ఈ పేర్లు తరచుగా బహిరంగ దస్త్రాలలో దొరకవు.

వెల్లడి నియమం

న్యాయపరిధి లేకపోవడమనే లోపాన్ని కక్షిదారులు పరస్పర అంగీకారంతో పూడ్చలేరు. అది అప్పీలు దశలో బయటపడినా తీర్పు రద్దయ్యే ప్రమాదముంది. ఏళ్ళ తరబడి సాగిన విచారణ వృథా కావచ్చు. అందుచేత 2022 డిసెంబరు 1న అమలులోకి వచ్చిన సవరణతో, ఫెడరల్ సివిల్ విచారణ నియమం 7.1 ప్రకారం ఇటువంటి వ్యాజ్యాలలో ప్రతి కక్షిదారు తనకు ఎవరెవరి పౌరసత్వం వర్తిస్తుందో వారి పేర్లను, పౌరసత్వాన్ని ఆరంభంలోనే తెలపాలి. న్యాయస్థానం వేరుగా ఆదేశిస్తే మినహాయింపు లభిస్తుంది. అది లేనప్పుడు, ఫెడరల్ న్యాయస్థానాన్ని కోరుకునే కంపెనీ తన యాజమాన్య గోప్యతను కొంత వదులుకోక తప్పదు.