ఆ గేటుకి తాళం ఉండనివ్వండి

మెల్‌బోర్న్ పడమటి వైపు, వెర్రిబీలో మురుగునీరు శుద్ధి చేసే చెరువులు ఉన్నాయి. అక్కడ సుమారు 300 రకాల పక్షులు కనిపించాయి. కానీ చూడాలంటే మెల్‌బోర్న్ వాటర్ ఇచ్చే పర్మిట్ కావాలి.

"నీళ్ళ బిల్లు మనం కడితే, తాళం కూడా మనకేనా?" అంటారు కొందరు. నేను పక్షుల పక్షం.

రెడ్‌నెక్డ్ స్టింట్ మన ఉల్లంకి పిట్టకి చుట్టం. బరువు సుమారు 30 గ్రాములే. సైబీరియా నుంచి వస్తుంది. తిరుగు ప్రయాణానికి ముందు బాగా తిని, ఒంట్లో కొవ్వు దాచుకోవాలి. మనం దగ్గరికి వెళ్ళిన ప్రతిసారీ బెదిరి ఎగురుతుంది. దాచుకున్నది ఖర్చవుతుంది.

గర్భగుడిలోకి అందరం వెళ్ళం. అయినా దర్శనం అవుతుంది కదా! పర్మిట్ తీసుకోండి. దూరం నుంచి చూడండి.